మొదటి ఫారం

పుస్తకంలో ఉన్న సంగతి కావలసినవాడికి కావలసినప్పుడు దొరక్కపోతే, అది ఉన్నట్టా, లేనట్టా?

బైండరుకు ఈ సందేహం తొమ్మిదో ఏట పుట్టింది, ముక్కులో బఠాణీ గింజ ఇరుక్కున్న రోజున. అక్క వాడి చెవి పట్టుకుని గుమ్మంలో కూర్చోబెట్టి, అటక మీదున్న గృహవైద్యం పుస్తకం దించింది. నాలుగు వందల పేజీలు. ముక్కు అధ్యాయం తీసింది. జలుబు ఉంది, దిబ్బడ ఉంది, నెత్తురు కారడం ఉంది. బఠాణీ లేదు. పిల్లల అధ్యాయం తీసింది. పళ్ళు రావడం, నులిపురుగులు, పక్క తడపడం. బఠాణీ లేదు. ఆమె అలా పేజీలు తిప్పుతూ ఉండగా ఆ దుమ్ముకు తమ్ముడు ఇల్లదిరేలా తుమ్మాడు. గింజ వెళ్ళి ఎదురుగోడకు తగిలింది. నాలుగు రోజుల తరవాత తీరికగా చదువుకుంటుంటే, ‘ప్రమాదములు’ అనే చివరి అధ్యాయంలో, పాముకాటుకూ నీళ్ళలో మునగడానికీ వెనకాల, ముక్కులో గింజ కనిపించింది.

"అంతా రాశార్రా మహానుభావులు," అంది అక్క. "నీ తుమ్మే తొందరపడింది."

ఇప్పుడు అతనికి యాభై అయిదేళ్ళు. రోజూ స్నానం చేసి, అక్క పక్కన కూర్చుని ప్రార్థన పుస్తకం చదివి గానీ పనికి వెళ్ళడు. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఒక్కోసారి ఆ పాత ప్రశ్న కూడా ఆయన ముందు పెట్టేవాడు. ఆయనేమీ అనేవాడు కాదు. ఈలోగా అక్క ఆ వేళ చదవవలసిన పేజీ కోసం వెతుక్కుంటూ ఉండేది. ఆమె పుస్తకానికి గుర్తులు అగ్గిపుల్ల, జడపిన్ను, చొక్కా గుండీ. పుస్తకం ఎత్తగానే అవి వరసగా ఒళ్ళో రాలేవి.

"బైండరు తమ్ముడున్న ఇంట్లో పుస్తకానికి రిబ్బను లేదు," అనేది ఆమె ఎవరికీ వినిపించనట్టుగా, అందరికీ వినిపించేట్టుగా.

పదిహేడో ఏట పనిలో చేరిన రోజున అతనే మాట ఇచ్చాడు. నేను కుట్టే మొదటి రిబ్బను నీ పుస్తకానికేనే అక్కా అని. ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఊళ్ళో వాళ్ళ లెక్కల పుస్తకాలకూ, పెళ్ళి ఆల్బములకూ, లాయర్ల లావుపాటి పుస్తకాలకూ వేల రిబ్బన్లు కుట్టాడు. ఇంటి పని రేపటిది.

ఆ మంగళవారం ప్రెస్సులో మిషన్ల మాస్టారి పుస్తకం పదమూడో ఫారం బల్ల మీదికి వచ్చింది. ఫారమంటే రెండు వైపులా అచ్చయిన పెద్ద కాగితం. మూడు మడతలు వేస్తే పదహారు పేజీలవుతుంది. బైండరు ఎడమ అరచేత్తో కాగితం అంచులు కలిపి, కుడిచేతిలోని ఎముకబద్దతో ఒక్క గీత గీసేవాడు. మడత కత్తితో కోసినట్టు పడేది. మడిచినది పక్కన పెట్టేటప్పుడు కళ్ళు ఊరుకునేవి కావు, దొరికిన నాలుగు ముక్కలు చదివేసేవి. అతను ఏడో తరగతిలో బడి మానేశాడు. తెలిసినదంతా అలా మడతల మధ్య ఏరుకున్నదే. ఏ పుస్తకమూ వరసగా చదివినవాడు కాడు గానీ, ఏ ముక్క ఏ ఫారంలో, మడతకు ఏ పక్క ఉందో వేళ్ళకు గుర్తుండిపోయేది.

మిషన్ల మాస్టారంటే కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన. నలభై రెండేళ్ళుగా ఊళ్ళో ఏ కుట్టుమిషన్ మూలిగినా ఆయనే వెళ్ళాలి. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. సూదిరంధ్రంలో దారం దూర్చలేనివాడికి దుకాణమెందుకని నెలాఖరుకు మూసేస్తున్నాడు. మూసేముందు తనకు తెలిసినదంతా ఒక పుస్తకం రాశాడు. ‘కుట్టుమిషను: నిర్మాణము, అంగములు, మరమ్మత్తు’.

"నా తరవాత ఇదేనయ్యా మెకానిక్కు," అన్నాడు మొదటిసారి కాగితాల కట్ట ఇచ్చిన రోజున, బిడ్డను బడిలో చేర్పించడానికి వచ్చినవాడిలాగా.

ఇక మిగిలింది మొదటి ఫారం. ఏ పుస్తకానికైనా మొదట ఉండే ఫారమే చివర అచ్చవుతుంది. వెనకాలదంతా పూర్తయితే తప్ప విషయసూచికలో పేజీ నంబర్లు తేలవు కదా. శుక్రవారం పొద్దున అది అచ్చుయంత్రం ఎక్కాలి.

"ఎక్కిందంటే ఆ తరవాత దేవుడు దిగొచ్చి అడిగినా అక్షరం మార్చేది లేదు," అంది ప్రెస్సు ఓనరమ్మ, ఎప్పుడూ అనే మాటే.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కుట్టుమిషన్ చప్పుడు వినిపించలేదు. ఆ ఇంట్లో ఆ చప్పుడు లేకపోతే గడియారం ఆగినట్టే. కోడలు నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ తెల్లగుడ్డలు. ఆసుపత్రి వాళ్ళకు ముప్పై ఏప్రన్లు గురువారానికి ఇవ్వాలి, పన్నెండే అయ్యాయి. ఒళ్ళో చేట పెట్టుకుని, కింద దారం చుట్టిన బాబిన్ ఉండే కేసు విప్పి, దాని మరతో సహా అందులో పోసుకుంది. ఆ పక్కనే మాస్టారి పుస్తకం ఫారాలు. సిరా పులుముకుపోయి పారేసిన కాగితాలను బైండరే పోయినవారం తెచ్చాడు, కోడలికి పనికొస్తాయని.

"ఏమైందమ్మా?"

"కింద దారం పిచ్చుకగూడులా చుట్టేసుకుంటోంది మామయ్యా. పైన కుట్టు బాగానే ఉంది. గుడ్డ తిప్పితే కింద గూడు!" ఒక ఏప్రన్ తిరగేసి చూపించింది. నిజంగానే పిచ్చుక వచ్చి గుడ్లు పెట్టేట్టుంది. "మాస్టారి పుస్తకంలో బాబిన్ అధ్యాయం మొత్తం చదివాను. ఇరవై రెండు పేజీలు. ఆయన చెప్పినట్టే విప్పాను, తుడిచాను, బిగించాను. మళ్ళీ అదే గూడు."

"మరి మాస్టారినే అడగకపోయావా?"

"పుస్తకం చేతిలో పెట్టుకుని ఏ మొహంతో అడగను? చదవడం రాదా అంటాడు. నిజమే, నాదే మట్టిబుర్ర. అంత పెద్దాయన అంత వివరంగా రాస్తే నాకు దొరకలేదంటే తప్పెవరిది?"

బైండరు చెప్పులు విడుస్తున్నవాడు అలాగే నిలబడిపోయాడు. ఈ పిల్ల కళ్ళు మూసుకుని కాజాలు కుడుతుంది. మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి భుజం కొలత చెప్పేస్తుంది. అలాంటిది ఒక పుస్తకం ముందు కూర్చుని నాది మట్టిబుర్ర అంటోంది. గుమ్మంలో పుస్తకం పెట్టుకుని వెతికిన అక్క కూడా ఆ వేళ అదే అనుకుందా? ఎవరో అన్యాయం చేస్తున్నారు, ఎవరో తెలియడం లేదు. మాస్టారు కాదు. ఆయన ఒక్క ముక్క దాచుకోలేదు. కోడలు కాదు. మరి?

"కింద గూడు..." అన్నాడు తనలో తను. ఆ మాట చదివాడు. ఎక్కడ? కళ్ళు మూసుకుని చూపుడువేలితో గాలిలో మడత గీశాడు. సిరా ఎక్కువై వేలికి అంటుకున్న ఫారం. కుడిచేతి వైపు పేజీ, దిగువన. "తొమ్మిదో ఫారం తియ్యి."

కోడలు తీసింది. నూట ముప్పై ఏడో పేజీ. అధ్యాయం పేరు ‘పైదారపు మార్గము’. దారం బిగువును నిలిపే రెండు ఉక్కు బిళ్ళల గురించి పేజీన్నర వివరించాక, అడుగున ఒక వాక్యం: "ఈ బిళ్ళల నడుమ నూగు చేరినచో పైదారము వదులై, క్రిందిభాగమున గూడుకట్టును, పలువురు దీనిని బాబిన్ దోషమని పొరబడుదురు."

"పలువురు అంటే నేనే," అంది కోడలు.

గుడ్డముక్క అంచును బిళ్ళల మధ్యకు దూర్చి లాగింది. బూడిదరంగు నూగు, చిన్న బొంతపురుగంత, బయటికి వచ్చింది. దారం ఎక్కించి నాలుగు అంగుళాలు కుట్టి గుడ్డ తిరగేసింది. చీమల బారు నడిచినట్టు సాఫీగా ఉంది కుట్టు.

"మామయ్యా!" అని అరిచింది. లోపలి నుంచి అక్క "ఏమైందర్రా, గింజేమైనా ఇరుక్కుందా?" అంటూ వచ్చింది.

"లేదు పెద్దత్తయ్యా, ఊడింది."

మిషన్ మళ్ళీ టకటకమంది. ఆ చప్పుడు మీదుగా కోడలు అంది, "పుస్తకంలో ఉందన్నమాట. నాకే కనబడలేదు."

"కాదమ్మా," అన్నాడు బైండరు. అంత గట్టిగా అన్నందుకు తనే ఆశ్చర్యపోయాడు. "చిక్కు కింద పడితే ఎవరైనా కిందే వెతుకుతారు. పైన వెతకాలని తెలిసినవాడికి పుస్తకం ఎందుకు?"

*

ఆ మాట మాస్టారితో అనడం అంత సులువు కాలేదు. బుధవారం పొద్దున ఓనరమ్మకు చెబితే కళ్ళజోడు మీదుగా చూసింది.

"జిగురు పెట్టే చేత్తో పుస్తకం దిద్దుతానంటే రచయితలు ఊరుకుంటారా? అయినా అచ్చయిన పన్నెండు ఫారాలను ఏం చేస్తావు, నమిలి మింగుతావా?"

"మొదటి ఫారం మిగిలింది కదమ్మా. అందులో పేరూ, ముందుమాటా, విషయసూచికా అన్నీ పోగా నాలుగు పేజీలు ఖాళీ. మీరే గీతలు కొట్టి ‘గమనికలు’ అని వేయిస్తానన్నారు."

ఆమె లెక్క చూసుకుంది. నిజంగానే నాలుగు. "ఆయనొస్తున్నాడు. నువ్వే చెప్పుకో. నేను ఈ గదిలో లేను," అని ఆ గదిలోనే కూర్చుంది.

మాస్టారు ఇస్త్రీ చొక్కాతో, జేబులో చిన్న స్క్రూడ్రైవరుతో వచ్చాడు. విషయసూచిక ప్రూఫు చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు. ఇనుము, ఉక్కు. మిషను పుట్టుక. చట్రము. పై అంగములు. క్రింది అంగములు. తొక్కుడు. నూనె.

"చూశావుటయ్యా ఎట్లా కుదిరిందో? ముందు వేరు, తరవాత మాను, తరవాత కొమ్మ."

బైండరు చేతులు పంచెకు తుడుచుకున్నాడు. జిగురేమీ లేదు, అయినా తుడుచుకున్నాడు. తరవాత నిన్న సాయంత్రం సంగతి చెప్పాడు. చెబుతూ ఉంటే మాస్టారి మొహంలో మురిపెం కొద్దికొద్దిగా దిగిపోయింది.

"దొరికింది కదా?"

"దొరికింది మాస్టారూ. కానీ మడిచినవాడిని కాబట్టి నాకు దొరికింది. పుస్తకం కొన్న ప్రతివాళ్ళ ఇంట్లోనూ నేనుండను కదండీ."

"మొదటి నుంచీ చదవాలి. చదివినవాళ్ళకు అన్నీ దొరుకుతాయి."

"సూది విరిగి కూర్చున్న మనిషి ఇనుము ఎట్లా పుట్టిందో అక్కడ్నుంచి మొదలుపెడుతుందా అండీ? ఒళ్ళో సగం కుట్టిన రవిక ఉంటుంది. అవతల మనిషి వచ్చి నిలబడి ఉంటుంది."

"అదే మీతో వచ్చిన చిక్కు!" మాస్టారి గొంతు లేచింది. "ఎందుకో తెలియకుండా ఏం చెయ్యాలో అడుగుతారు. తెలియకుండా విప్పి, మిగిలిన మరలు పొట్లం కట్టుకుని నా దగ్గరికి తెస్తారు. నలభై రెండేళ్ళు పొట్లాలు విప్పుతూనే ఉన్నాను. అందుకే వరస పెట్టి రాశాను. వరస కుదరడానికే మూడేళ్ళు పట్టింది తెలుసా?"

ఆ మాటలో అబద్ధం లేదు. బైండరుకు అదే కష్టంగా తోచింది. కోడలు చెప్పినదీ నిజమే, ఈయన చెప్పినదీ నిజమే.

"మీ ఇల్లు బాగా కట్టారు మాస్టారూ. ఇటుక కదపమనడం లేదు. వీధివైపు ఒక గుమ్మం పెట్టమంటున్నాను, అంతే."

మాస్టారు ప్రూఫును నాలుగు మడతలు పెట్టి, వంకరగా, జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. అలాంటి మడతను చూడలేక బైండరు మొహం తిప్పుకున్నాడు.

"గదిలో లేకపోయినా అన్నీ వినబడ్డాయి," అంది ఓనరమ్మ. "శుక్రవారం పొద్దున, గుర్తుందిగా."

ఆ మర్నాడు ప్రార్థనలో బైండరుకు మనసు నిలవలేదు. నేను అహంకారంతో అన్నానా స్వామీ? పెద్దాయన్ని నొప్పించానా? నువ్వు కూడా ఏదో వరసలోనే అన్నీ రాసి ఉంటావు. మాకు కావలసిన పేజీ మాకెందుకు తెరుచుకోదు? పక్కన అక్క అగ్గిపుల్ల కోసం చాప కింద వెతుకుతోంది.

*

గురువారం మధ్యాహ్నం కోడలు ఏప్రన్లు ఆసుపత్రికి ఇచ్చి వచ్చింది. ఇంకో నలభై ఇస్తామన్నారట. బైండరు ఆ వేళ అన్నానికి ఇంటికి వచ్చి చెయ్యి కడుక్కుంటున్నాడు. వాకిట్లో దగ్గు వినిపించింది. మిషన్ల మాస్టారు.

ఆయన బైండరు వైపు చూడలేదు. తిన్నగా మిషన్ దగ్గరికి నడిచాడు.

"గూడు కట్టిందటగా. ఒకసారి చూసిపోదామని. జబ్బు సంగతి విన్నాక నాకు అన్నం సయించదు," అని చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు. బిళ్ళలు చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. ఆ దొరకకపోవడం ఆయనకు కొంచెం నిరాశగానే ఉన్నట్టుంది. "శుభ్రంగా చేశావమ్మాయ్."

"మీ పుస్తకమే చేయించింది మాస్టారూ," అంది కోడలు, మంచినీళ్ళు ఇస్తూ. ఆమె కళ్ళలో ఏదో అల్లరి మెదిలింది. "ఇంకొకటి అడగనా? తొక్కుడు నాలుగు రోజులుగా బరువుగా ఉంది. కాళ్ళు లాగేస్తున్నాయి. దానికి ఏమిటి కారణం?"

"చక్రం ఇరుసుకు దారం చుట్టుకుని ఉంటుంది. పుస్తకంలో రాశాను."

"ఎక్కడండీ?" ఫారాల దొంతర ఆయన ముందు పెట్టింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నాడు. వేలు తడి చేసుకుని ‘తొక్కుడు’ అధ్యాయం తీశాడు. పలక ఉంది, కడ్డీ ఉంది, తోలుపట్టీ ఉంది. దారం లేదు. "ఇక్కడ కాదు," అని ‘నూనె’ తీశాడు. అక్కడా లేదు. ‘చట్రము’కు వెళ్ళాడు. మళ్ళీ ‘తొక్కుడు’కు వచ్చాడు, ఈలోగా అక్కడికి చేరి ఉంటుందేమో అన్నట్టు. చేతులు వణికి కాగితాలు జారాయి. కోడలు నవ్వు ఆపుకోలేక పమిట నోట్లో కుక్కుకుంది. బైండరుకు మాత్రం జాలేసింది.

"ఉందమ్మా. నేనే రాశాను. నా చేత్తో రాశాను. ఇందులోనే ఉంది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్క అప్పుడు నోరు విప్పింది.

"ఈ మాట మా ఇంట్లో ఎప్పుడో విన్నాం నాయనా. అది బఠాణీ గింజ, ఇది దారం. అంతే తేడా."

"బఠాణీ ఏమిటండీ?"

అక్క చెప్పింది. ముక్కు అధ్యాయం చెప్పింది, పిల్లల అధ్యాయం చెప్పింది, తుమ్ము చెప్పింది. పాముకాటు వెనకాల గింజ దొరికిందనేసరికి మాస్టారి పొట్ట కదిలింది. ఆపుకుందామని చూశాడు. "పాముకాటుకూ... మునగడానికీ..." అంటూ ఆయన నవ్విన నవ్వుకు కళ్ళజోడు ఊడి ఒళ్ళో పడింది. కోడలు పమిట వదిలేసి నవ్వింది. బైండరు తన ముక్కు మీద అంత నవ్వు పుట్టినందుకు మొదట సిగ్గుపడి, తరవాత అందరికంటే గట్టిగా నవ్వాడు.

నవ్వు తగ్గాక మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. "ఎక్కడుందయ్యా అది?"

"ఆరో ఫారం. ఎనభై తొమ్మిదో పేజీ. చేతిచక్రం గురించి చెబుతూ మధ్యలో అన్నారు."

ఆయన తీసి చూసుకున్నాడు. ఆ వాక్యం మీద వేలు ఆనించి మళ్ళీ చదివాడు.

"రాసింది నేను. దారి తెలిసింది నీకు," అన్నాడు చివరికి.

"దారి మీకూ తెలుసు మాస్టారూ. మీ దుకాణానికి వచ్చినవాళ్ళు ముందు ఏమంటారు? మా చట్రము, పై అంగములు అంటారా?"

"వాళ్ళెందుకంటారు? దారం తెగుతోంది మాస్టారూ అంటారు. టిక్కుటిక్కుమంటోంది అంటారు. ఒకావిడైతే, మా మిషన్ అలిగింది అంది."

"మీరు ఏమడుగుతారు?"

"ఎప్పట్నించి? ఏ గుడ్డ మీద? సూది మార్చి ఎన్నాళ్ళయింది?" అంటూనే మాస్టారు ఆగిపోయాడు. తలెత్తి బైండరును చూశాడు. నలభై రెండేళ్ళు రోజూ చెవిన పడినది, పుస్తకం రాయడానికి కూర్చున్న మూడేళ్ళలో ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

"నాలుగు పేజీలన్నావు కదూ?"

బైండరు ప్రెస్సుకు కబురు చేసి పూట సెలవు పెట్టాడు. కత్తిరింపు కాగితం చీటీలు నేల మీద పరిచారు. కోడలు మిషన్ ముందు కూర్చుని, కుట్టేవాళ్ళు ఎలా మొర పెట్టుకుంటారో అలాగే చెప్పింది. "దారం మాటిమాటికీ తెగుతోంది." "కుట్టు మధ్యలో ఎగిరిపోతోంది." "గుడ్డ ముందుకు జరగడం లేదు." మాస్టారు కారణాలు చెప్పాడు. బైండరు కళ్ళు మూసుకుని, గాలిలో మడత గీసి, పేజీ చెప్పాడు. రెండుసార్లు మాత్రమే తప్పాడు.

ఒకచోట పేచీ వచ్చింది. మాస్టారు "సూచీదండ చలనలోపము" అని రాశాడు.

"అంటే ఏమిటండీ?" అంది కోడలు.

"సూది దిగకపోవడం."

"సూది దిగడం లేదు అని రాస్తే దిగదా?"

"ఈ పిల్ల నోరు కూడా దుకాణానికి పనికొచ్చేదే," అని మాస్టారు కొట్టేసి రాశాడు. కాసేపటికి తనూ ఒక షరతు పెట్టాడు. ప్రతి మొరకూ ఎదురుగా రెండు పేజీ నంబర్లు వెయ్యాలి. ఒకటి చేయడానికి, రెండోది ఎందుకో తెలుసుకోవడానికి. "ముందు ఆవిడ రవిక ఆవిడకు కుట్టుకోనీ. తరవాత తీరికయ్యాకైనా నా వేరు దగ్గరికి రానీ. గుమ్మం పెట్టమన్నావు, పెడతాను. లోపలికి నాలుగడుగులు వెయ్యమంటే తప్పా?"

"తప్పు కాదు మాస్టారూ, అదే మర్యాద," అన్నాడు బైండరు.

అటు ఎండ తగ్గేసరికి ముప్పై ఒక్క చీటీలు తేలాయి. మొదటిది ఏది వెయ్యాలనే దగ్గర ఎవరూ వాదించుకోలేదు. కింద దారం గూడు కడుతోంది: 137, 131. పైన పేరు కోడలే పెట్టింది. ‘మిషన్ ఏమంటోంది?’

*

శుక్రవారం పొద్దున ఓనరమ్మ ఆ నాలుగు పేజీలు తీసుకుని గబగబా చదివింది. ఆమెకు గుండీ కుట్టడం కూడా రాదు.

"మొన్న వరస మారదని లేచి వెళ్ళారు, ఇవాళ గుమ్మాలు పెట్టారు," అని మాస్టారిని చూసి గొణుగుతూ, "సరే, నేను ఏమీ తెలియనిదాన్ని. మా అత్తగారి మిషన్ చక్రం తిరుగుతుంది, సూది మాత్రం కదలదు. ఎన్నేళ్ళుగానో దాని మీద పూలకుండీ పెట్టాం. చూస్తాను," అంది. వేలు పెట్టి దిగుతూ వచ్చి పదకొండో వరస దగ్గర ఆగింది. పేజీ తీసింది. "బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు వదులు చేసిన పిడిమరను తిరిగి బిగించకుండుట..." మొహం వెలిగిపోయింది. "అంతేనా? బిగిస్తే చాలా? దానికోసం కుండీ మోయించామా?"

పక్కనే నిలబడ్డ మాస్టారు ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు. అచ్చుయంత్రం కదిలింది. మొదటి ఫారం, అన్నిటికంటే చివర, తడి సిరాతో వచ్చి పళ్ళెంలో పడింది. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి గానీ ఆ వేళ అది జబ్బులా కనిపించలేదు.

ముందుమాట చివర ఒక వాక్యం బైండరుకు శనివారం మడతలు వేస్తున్నప్పుడు కనబడింది. మాస్టారు దాన్ని ఎప్పుడు చేర్చాడో తెలియదు. "ఈ గ్రంథమునకు గుమ్మము పెట్టినవారు ఒక బైండరును, ఆయన కోడలును." బైండరు ఆ ఫారాన్ని రెండోసారి చదివి, ఎవరూ చూడకుండా మూడోసారి చదివి, ఎముకబద్దతో చాలా నెమ్మదిగా మడత గీశాడు.

పదమూడు ఫారాలు వరస పెట్టి, కుట్టి, జిగురు రాసి, అట్ట తొడిగాడు. మొదటి ప్రతిని మాస్టారు కోడలి కోసం ఇంటికి పంపించాడు. వంద ప్రతులకు వీపున ఎర్ర రిబ్బను పెట్టారు. అన్నీ అయ్యాక చుట్టలో మూర పొడుగు రిబ్బను మిగిలింది. బైండరు దాన్ని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. తరవాత సూది, మైనం రాసిన దారం, జిగురు గిన్నె సంచిలో వేసుకుని, ఇంకా ఎండ ఉండగానే ఇంటికి బయలుదేరాడు.

"అక్కా, నీ పుస్తకం ఇలా ఇయ్యి."

"ఎందుకురా?" అంది అక్క అనుమానంగా. ఇస్తూ ఉంటే గుండీ రాలింది.

అతను గుమ్మంలో కూర్చున్నాడు, ముక్కులో గింజతో కూర్చున్న చోటే. ఊడిన వీపు మెల్లగా ఒలిచాడు. పాత జిగురు గీకాడు. విడిపోయిన ఫారాలు వరస చూసి కుట్టాడు. ఆ పుస్తకాన్ని ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్నా, లోపలి మడతలు చూడడం అదే మొదలు. మడతల్లో పసుపు, కర్పూరం పొడి, ఒక నెరిసిన వెంట్రుక. దులపబోయి ఊరుకున్నాడు. రిబ్బను రెండు ముక్కలు చేసి రెండూ కుట్టాడు.

"రెండెందుకురా? నేనేమన్నా రెండు పుస్తకాలు చదువుతున్నానా?"

"ఒకటి ఇవాళ ఎక్కడ ఆపావో దానికి. రెండోది నీకు బాగా ఇష్టమైన పేజీకి. మనసు బాగోలేనప్పుడు వెతుక్కోకుండా."

అక్క పుస్తకం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. వీపు నిమిరింది. "అన్నట్టు ఒక మాటరా. ఇన్నేళ్ళూ పేజీ కోసం వెతుకుతూ దారిలో తగిలినవన్నీ చదివేదాన్ని. ఇష్టమైనవి సగం అట్లా దొరికినవే. ఇప్పుడు తిన్నగా వెళ్ళిపోతే అవేం కావాలి?"

బైండరు జిగురు వేళ్ళను చూసుకుంటూ ఆలోచించాడు. ఈ సంగతి అతనికి తట్టలేదు. మిషన్ ఆగినవాడికి తోవ కావాలి. దేవుడి దగ్గర కూర్చున్నవాడికి తోవ తప్పడం కూడా చదువేనేమో. నలభై ఆరేళ్ళ సందేహానికి సగం జవాబు దొరికిందనుకుంటే, మిగతా సగం అక్క ఒళ్ళో కొత్త సందేహమై కూర్చుంది. అతనికి అదీ బాగానే ఉన్నట్టనిపించింది.

"పొద్దున రిబ్బను పట్టుకుని వెళ్ళు. సాయంత్రం వదిలేసి తిరుగు."

"బాగా చెప్పావు." ఆమె ఒక రిబ్బనును ఇవాళ్టి పేజీలో పెట్టింది. రెండోదాన్ని ఎక్కడ పెట్టిందో చూడనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోపల మిషన్ టకటకమంటోంది. తొక్కుడు తేలికైంది, ఆ చప్పుడే చెబుతోంది. అక్క పుస్తకాన్ని ఎత్తి, తలకిందులు చేసి, గట్టిగా దులిపింది.

ఏమీ రాలలేదు.

అప్పుడు అగ్గిపుల్లనూ, జడపిన్నునూ, గుండీనీ ఏరి తమ్ముడి అరచేతిలో పోసి, గుప్పిట మూసింది.

"ముప్పై ఎనిమిదేళ్ళుగా నీ రిబ్బనుకు ఇవే జామీను ఉన్నాయి. బాకీ తీరింది, తీసుకుపో."